అక్షహృదయము – పేకాటయందలి నిర్ణయవివేకము

ఉపోద్ఘాతము

నాందేడు జిల్లాయందలి ఉమ్రి, సికింద్రాబాదు నుండి మన్మాడునకు పోవు రైలుమార్గమున ధర్మాబాదునకును ముద్ఖేడునకును నడుమ నున్న చిన్న పట్టణము. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఇది హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ దినమున మరాఠ్వాడాతో పాటు బొంబాయి రాష్ట్రమున చేరినది. 1960 మే 1 నుండి మహారాష్ట్రమునకు చెందినది. తెలంగాణము సరిహద్దు సమీపముననే యుండుటచే ఈ ప్రాంతమున మరాఠీతో పాటు తెలుగును వినబడుచుండును.

ఇచ్చటి సేద్యము చాలవరకు వర్షాధారము. ప్రత్తి, సోయా, కంది విత్తువాడు తొలకరి వానను చూచి ఒక నిర్ణయము చేయవలెను. నేల తగినంత తడిసినదా, మరి నాలుగు దినములు ఆగుట మేలా అని తూచుకొనవలెను. విత్తిన పిమ్మట వాన మొగము చాటువేసినచో మొలక మాడిపోవును. మరల విత్తనము కొని మరల విత్తవలసి వచ్చును. దీనిని మరాఠీలో ‘దుబార్ పేరణీ’ అందురు. జానెడు లోతు పదునెక్కిన నేలలో విత్తి నష్టపోయిన రైతును ఊరివారు తప్పుపట్టరు. దుక్కి తడియకముందే తొందరపడి విత్తినవానికి, దైవికముగా మరునాడే వాన కురిసి పంట పండినను, పెద్దలు వానిని తెలివిగలవాడనరు, అదృష్టవంతుడందురు.

నిర్ణయము వేరు, ఫలితము వేరు అను ఈ భేదము పొలమున అందరికిని తెలిసినదే. పేకముక్కలు చేతబట్టిన వెంటనే దానిని మరచుట మాత్రము లోకసామాన్యము. గెలిచినవాడు తన బుద్ధిని మెచ్చుకొనును. ఓడినవాడు ముక్కలను తిట్టును. ఇంటింట చేతిఫోను తెరమీదకు రమ్మీయు, పోకరును వచ్చిన పిమ్మట ఈ మరపు వలన కుటుంబములకు కలిగిన నష్టము చిన్నది కాదు. సరదాకు ఆడు సామాన్యుడు తన నిర్ణయములను ఎట్లు మెరుగుపరచుకొనగలడో, అందలి గణితమేదో, మనస్సు చేయు మోసమేదో ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

పురాణమున ఒక దృష్టాంతము

నాందేడునకు పొరుగుననే విదర్భ కలదు. నలోపాఖ్యానమునందలి దమయంతి ఆ దేశపు రాకుమారి. నలుడు కలిప్రభావమున పుష్కరునితో జూదమాడి రాజ్యము పోగొట్టుకొనెను. తుదకు బాహుకుడను పేర అయోధ్యాధిపతి ఋతుపర్ణుని సారథియయ్యెను. విదర్భకు రథము తోలుచుండగా దారిలో ఒక తాండ్రచెట్టు కనబడెను. ఋతుపర్ణుడు దానిని చూచినంతనే ఆకులెన్ని, కాయలెన్ని యని చెప్పెను. రెండు కొమ్మలయందు 2,095 కాయలున్నవని లెక్క తేల్చెను. నలుడు రథము ఆపి, చెట్టును కొట్టి, కాయలు లెక్కించి చూడగా సరిపోయెను. ఆ విద్యయే అక్షహృదయము. నలుడు తన అశ్వహృదయమునిచ్చి దానిని గ్రహించెను.

ఈ కథలో రెండంశములు గమనింపదగినవి. పూర్వము పాచికలుగా వాడినవి ఆ తాండ్రకాయలే. కనుక చెట్టును లెక్కించు విద్యయు, జూదపు విద్యయు ఒకటేయని కథకుడు గుర్తించినాడు. కొంత చూచి మొత్తమును అంచనా కట్టుట నేటి సంఖ్యాశాస్త్రమునకు పునాది. రెండవది ఇంకను ముఖ్యము. నలునికి ఆ విద్య పట్టుబడిన క్షణమున కలి వాని శరీరము వీడి పోయెను. లెక్క తెలిసినచోట ఆవేశమునకు చోటు తగ్గునని దీనికి తాత్పర్యము చెప్పుకొనవచ్చును.

సభాపర్వమునందలి ధర్మరాజు స్థితి దీనికి విరుద్ధము. ఎదుటివాడు తనకంటె నేర్పరియని తెలిసియు కూర్చుండెను. పందెమునకు హద్దు పెట్టుకొనలేదు. పోయినకొలది పెద్ద పందెము ఒడ్డెను. నేటికిని అలవాటుగా ఆడువారు చేయు పెద్ద తప్పులు ఈ మూడే.

అదృష్టమా, నైపుణ్యమా?

ఈ ప్రశ్నను న్యాయస్థానములు సుదీర్ఘముగా విచారించినవి. వానిలో ప్రధానమైన వ్యాజ్యము తెలుగుగడ్డపై పుట్టినదే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుచున్నవారిపై హైదరాబాదు జూద చట్టము క్రింద అభియోగము మోపబడెను. క్రింది న్యాయస్థానము శిక్షించినను హైకోర్టు విడుదల చేసెను. రాష్ట్ర ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోగా, ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము – కె. సత్యనారాయణ’ అను పేర ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యమున 1967 నవంబరులో తీర్పు వెలువడెను. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటయు, ఏ ముక్క నిలుపుకొని ఏది విడువవలెనో యెన్నుటయు నేర్పుతో కూడిన పనులు గనుక రమ్మీ ప్రధానముగా నైపుణ్యక్రీడయని న్యాయమూర్తి హిదాయతుల్లా వ్రాసిరి. మూడుముక్కలాట వంటిది అట్టిది కాదనిరి. క్లబ్బు యజమాని ఆటపై లాభము తీసినచో నేరము కావచ్చుననియు హెచ్చరించిరి.

ఉమ్రి మహారాష్ట్రమున చేరుటచే ఆటకు సంబంధించిన చట్టము మారినది. 1887 నాటి బొంబాయి జూదనివారణ చట్టములోను కేవల నైపుణ్యక్రీడలకు మినహాయింపు కలదు. పోకరు విషయమున అభిప్రాయభేదము మిగిలినది. గుజరాతు హైకోర్టు 2017లో దానిని జూదమేయనెను. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను సొమ్ము ఒడ్డి తెరమీద ఆడు ఆటలను నిషేధించినవి. తుదకు పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైను క్రీడల చట్టము చేసెను. ఆ నెల 22న దానికి రాష్ట్రపతి ఆమోదము లభించెను. నైపుణ్యమైనను, అదృష్టమైనను, ఆన్‌లైనులో సొమ్ము పెట్టి సొమ్ము ఆశించు ఆటలను నడుపుట ఆ చట్టము ప్రకారము నేరము. మూడేండ్ల వరకు కారాగారము, కోటి రూపాయల వరకు జరిమానా కలవు. సొమ్ములేని వినోదక్రీడలకు ఆ నిషేధము వర్తింపదు. ఈ చట్టముపై న్యాయస్థానములలో వ్యాజ్యములును దాఖలైనవి.

కనుక ఇచట చెప్పబోవు లెక్కలన్నియు బిళ్ళలతోను, గవ్వలతోను ఆడు ఆటను ఉద్దేశించినవి. నిర్ణయవిద్య నేర్చుటకు సొమ్ముతో పనిలేదు.

లెక్క చేయు విధము

ముందుగా అందరెరిగిన రమ్మీని తీసికొందము. రెండు కట్టలతో ఆడు పదుమూడు ముక్కల ఆటలో చేత ఆఠీను 5, 6 ఉన్నవనుకొందము. వరుసకు 4 గాని 7 గాని కావలెను. రెండు కట్టలలో అట్టివి నాలుగు ముక్కలు. అదే 5, 7 ఉన్నచో 6 ఒక్కటే కావలెను, అట్టివి రెండే. మొదటి జత రెండింతలు మేలు. కాని ఎదుటివారు ఇదివరకే ఆఠీను 4 రెండింటిని, 7 ఒకదానిని పడవేసియున్నచో మిగిలినది ఒక్క ముక్కయే. అనగా ముక్కల విలువ వానిలోనే లేదు; బల్లమీద పడినవానిని ఎంత జాగ్రత్తగా చూచితిమన్నదానిలో నున్నది.

ఆట మొదటనే మానుకొనుట (డ్రాప్) రెండవ నిర్ణయము. సాధారణమైన పద్ధతిలో మొదటనే మానినవానికి 20 పాయింట్లు పడును; పూర్తిగా ఓడినచో 80 వరకు పడవచ్చును. చేతిలో జోకరు లేదు, వరుస లేదు. ఇట్టి చేతులతో ఆడినపుడు పదింట రెండు మారులు గెలుపు, ఎనిమిది మారులు సగటున 35 పాయింట్ల ఓటమి కలుగుచున్నదని ఆటగాని పుస్తకము చెప్పుచున్నదనుకొందము. ఎనిమిది ముప్పదియైదులు 280; పది ఆటలకు సగటు 28. మానుకొన్న నష్టము 20. కనుక మానుటయే మేలు. మానిన పిమ్మట మంచి ముక్క వచ్చియుండెడిదని తెలిసినను ఆ నిర్ణయము తప్పు కాదు.

పోకరులో ఈ లెక్క ఇంకను స్పష్టముగా కనబడును. ఒక్కొక్కరికి రెండు చేతిముక్కలు, అందరికి ఉమ్మడిగా బల్లమీద అయిదు ముక్కలు వచ్చును. నాలుగు ఉమ్మడి ముక్కలు తెరచినారు, ఒక్కటి రావలసియున్నది. చేత రెండు ఆఠీనులు, బల్లమీద రెండు ఆఠీనులు ఉన్నవి. ఇంకొక ఆఠీను పడినచో గెలుపు, లేనిచో ఓటమి యనుకొందము. 52 ముక్కలలో కనబడినవి 6, కనబడనివి 46. పదుమూడు ఆఠీనులలో నాలుగు కనబడినవి, మిగిలినవి 9. గెలుపు అవకాశము 46లో 9, అనగా నూటికి ఇంచుమించు ఇరువది.

బల్లమీద 100 బిళ్ళలున్నవి. ఎదుటివాడు 50 వేసెను. ఆటలో నిలువవలెనన్న 50 వేయవలెను. గెలిచినచో వచ్చునది 150. ఈ స్థితి 46 మారులు వచ్చినచో 9 మారులు 150 చొప్పున 1,350 లాభము. 37 మారులు 50 చొప్పున 1,850 నష్టము. నికరనష్టము 500, మారునకు దాదాపు 11 బిళ్ళలు. కనుక ముక్కలు పడవేయవలెను. ఎదుటివాడు 50కి బదులు 20 మాత్రమే వేసియున్నచో 9 మారులు 120 చొప్పున 1,080 లాభము, 37 మారులు 20 చొప్పున 740 నష్టము, నికరలాభము 340. అప్పుడు నిలువవలెను. ముక్కలు అవే, అవకాశమును అదే. ధర మారుటచే నిర్ణయము మారినది. ‘ఆఠీను పడునా?’ అని అడుగువాడు జోస్యము చెప్పుచున్నాడు. ‘ఈ ధరకు ఈ అవకాశము తగునా?’ అని అడుగువాడు నిర్ణయము చేయుచున్నాడు.

ఎదుటివాని చేతిని ఊహించునపుడు ఒకే ముక్కల జతను తలచుకొని భయపడుట మరియొక దోషము. సాధ్యమైన జతలన్నింటిని లెక్కింపవలెను. మిక్కిలి జాగ్రత్తపరుడొకడు పెద్ద పందెము వేసెను. వాని వద్ద రెండు ఆసులు గాని, రెండు రాజులు గాని, ఒక ఆసు ఒక రాజు గాని ఉండవలెను. నాలుగు ఆసులలో రెండు వచ్చు విధములు 6, రాజులకును 6. ఆసు–రాజు కలిసి వచ్చు విధములు 16. మొత్తము 28లో జత కానివి 16. అనగా భయపడిన జతకంటె భయపడని జతయే ఎక్కువ సంభావ్యము. మన చేత ఒక రాజున్నచో రాజుల జతలు 3కు, ఆసు–రాజులు 12కు తగ్గును. మన చేతిముక్కయే ఎదుటివానిని గూర్చి వార్త తెచ్చుచున్నది.

ఈ గణితము జూదమునుండియే పుట్టినది. 1654లో పాస్కలు, ఫెర్మా యను ఫ్రెంచి పండితులు నడుమ ఆగిన ఆటలో పందెము పంచు విధమును గూర్చి లేఖలు వ్రాసికొనిరి. సంభావ్యతాశాస్త్రమునకు అవి నాంది. 1944లో వాన్ నాయిమన్, మార్గెన్‌స్టెర్న్ అనువారు ప్రకటించిన గ్రంథములో పోకరునకు ప్రత్యేకస్థానము కలదు. 2017లో అమెరికాయందలి పిట్స్‌బర్గులో లిబ్రాటస్ అను యంత్రము 1,20,000 ఆటలలో నలుగురు నిపుణులను ఓడించెను. దానికి ముఖములు చదువుట తెలియదు. లెక్క మాత్రమే తెలియును.

కొలదిపాటి ఫలితములు చేయు మోసము

ఆటకు నూటికి 55 వంతుల గెలుపు అవకాశము గల నేర్పరిని ఊహింపుము. వాడు పది ఆటలాడినచో గెలుపులకంటె ఓటములే ఎక్కువ యగు అవకాశము నూటికి 26. అనగా నేర్పరియు నాలుగు సాయంకాలములకు ఒకనాడు తలవంచుకొని ఇంటికి పోవును. నేర్పులేనివాడు అంత తరచుగానే మీసము దువ్వును. అదే వేయి ఆటలాడినచో ఆ అవకాశము వేయింటికి ఒకటికంటె తక్కువ. ఒక రాత్రి ఫలితమును బట్టి తన నేర్పును కొలుచువాడు ఒక్క చినుకును చూచి వానకాలమును నిర్ణయించువాని వంటివాడు.

ఈ విషయమున తెలుగువారికి గర్వకారణమైన పేరొకటి కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావు (1920–2023) సంఖ్యాశాస్త్రమున జగద్విఖ్యాతులు. తెలిసినది అనిశ్చితమైనను, ఆ అనిశ్చితి ఎంతయో కొలువగలిగినచో ఆ జ్ఞానము పనికివచ్చునని వారు బోధించిరి. పేకాటగానికి ఇంతకంటె మంచి ఉపదేశము లేదు. ‘తెలియదు’ అని ఊరకుండరాదు. ‘తప్పక వచ్చును’ అని భ్రమపడరాదు. ‘నూటికి ఇరువది’ అని చెప్పగలుగవలెను.

సొమ్ము ఒడ్డు ఆటలలో మరియొక రహస్యము కలదు. అయిదుగురు సమానులు ఒక్కొక్కరు 100 చొప్పున వేసి ఆడుదురు. ఆట నడుపువాడు 500లో నూటికి 5 చొప్పున 25 తీసికొనును. ఇరువది ఆటలు ముగియునప్పటికి 500 వానికి చేరును. ఎవ్వరును ఎవ్వరికంటె తక్కువవారు కాకున్నను అయిదుగురును సగటున నూరేసి పోగొట్టుకొందురు. సమానులతో ఆడుట నష్టమే. గెలువవలెనన్న ఆ రుసుమును మించిన నేర్పు కావలెను. అది కొలదిమందికే సాధ్యము. తమకు గలదని తలచువారు మాత్రము చాలమంది.

మనస్సు, తెర

కానెమన్, ట్వెర్‌స్కీ యను మనోవిజ్ఞానులు 1979లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, నూరు వచ్చిన సంతోషముకంటె నూరు పోయిన దుఃఖము మనుష్యునికి అధికము. నష్టములో నున్నవాడు దానిని పూడ్చుకొనుటకు మామూలుగా ఒప్పుకొనని సాహసమునకు సిద్ధపడును. ధర్మరాజు కథ ఈ సూత్రమునకు ఉదాహరణమే. పోయినది పోయినదే, తరువాతి ముక్కకు అది తెలియదు. నాలుగు మారులు ఓడితిమి గనుక అయిదవది గెలుపేయనుట ముక్కలకు జ్ఞాపకశక్తి అంటగట్టుట.

తెరమీది ఆటలో ఈ దౌర్బల్యము పెరుగును. బల్ల చుట్టు కూర్చున్నపుడు ముక్కలు కలుపుటకు, పంచుటకు కాలము పట్టును. ఆ వ్యవధిలో రోషము చల్లారును. తెరమీద ఒక ఆట ముగియక మునుపే మరియొకటి సిద్ధముగా నుండును. ఎదుటివాని ముఖము కనబడదు. సొమ్ము నోటుగా గాక అంకెగా కనబడును. రాత్రి ఎంతయైనదో చెప్పు ఇల్లాలి కేక వినబడదు. కనుక విరామమును ఆటగాడే కల్పించుకొనవలెను. ఎన్ని ఆటలో, ఏ గంట వరకో కూర్చొనకముందే వ్రాసి పెట్టుకొనుట, పెద్ద ఓటమి తరువాత తెర మూసి లేచుట, నిద్రమత్తున, కోపమున, త్రాగియు ఆడకుండుట పాటింపవలసిన నియమములు. ఒక్క ఆట తరువాత తన శ్వాస వేగమైనదని గ్రహించినవాడు నూరు సూత్రములు వల్లించినవానికంటె తెలివిగలవాడు.

నిర్ణయపుస్తకము

అభ్యాసమునకు ఒక చిన్న పుస్తకము చాలును. కష్టమైన ప్రతి నిర్ణయమునకు ఒక పంక్తి కేటాయించి అయిదు గడులు గీయవలెను. మొదటి గడిలో తెలిసిన విషయములు, రెండవదానిలో అంచనా వేసిన అవకాశము, మూడవదానిలో పెట్టవలసిన ధర, వచ్చు ఫలము, నాల్గవదానిలో చేసిన పని వ్రాయవలెను. ఈ నాలుగును ఫలితము తెలియకముందే వ్రాయుట ముఖ్యము. అయిదవ గడిలో మాత్రమే గెలుపో ఓటమియో గుర్తింపవలెను.

ఏబది పంక్తులు నిండిన పిమ్మట అయిదవ గడిని చేతితో మూసి మొదటి నాలుగును చదువవలెను. ఆ తెలిసినదానితో మరల అదే చేయుదునా యని ప్రశ్నించుకొనవలెను. పిమ్మట, ‘నూటికి ఇరువది’ అని వ్రాసిన పంక్తులలో నిజముగా ఎన్ని గెలిచినవో లెక్క చూడవలెను. ఇరువదియని వ్రాసినచోట పదియే గెలుచుచున్నచో ఆశ ఎక్కువ. నలుబది గెలుచుచున్నచో భయము ఎక్కువ. ఏబది పంక్తులు తుదితీర్పునకు చాలవు గాని వాలు ఏ వైపునకో చూపును. తన అంచనా యెంత తప్పుచున్నదో తెలిసినవాడు దానిని సరిదిద్దుకొనగలడు.

ఉపసంహారము

ఆటకు సంబంధించిన నిర్ణయములన్నింటిలో పెద్దది ముక్కలు పంచకముందే చేయవలసినది: కూర్చొనవలెనా, వలదా? ఎవరితో, ఏమి ఒడ్డి, ఎంతసేపు? నలుడు మొదటిమారు ఈ ప్రశ్న వేసికొనలేదు. సరిహద్దునకు ఇటు ఉమ్రిలో ఒక చట్టము, అటు నిజామాబాదులో మరియొక చట్టముగా నుండిన కాలము పోయి, తెరమీది ధనక్రీడల విషయమున పార్లమెంటు దేశమంతటికి ఒకే సమాధానము చెప్పినది. ఇంటి బడ్జెటు, పిల్లల చదువు, విత్తనములకు దాచిన రూపాయి అంతకుమునుపే ఆ సమాధానము చెప్పుచుండెను.

అయినను ఆటనుండి నేర్చుకొనదగిన విద్య వ్యర్థము కాదు. పండుగనాడు గవ్వలు ఒడ్డి బంధువులతో ఆడు రమ్మీలో అలవడిన లెక్క, ప్రత్తి నేడే అమ్మవలెనా, నెల ఆగవలెనా యన్నపుడును, అప్పు చేసి బావి త్రవ్వింపవలెనా యన్నపుడును అక్కరకు వచ్చును. అచట కూడ తెలిసినదెంత, తెలియనిదెంత, పోయినచో తట్టుకొనగలమా యన్న ప్రశ్నలే. తడిసిన నేలలో విత్తుట రైతు చేతిలోనిది; తరువాతి వాన వాని చేతిలోనిది కాదు. మొదటిదానికి పూర్తిగా బాధ్యత వహించి, రెండవదానికి తన్ను తాను నిందించుకొనకుండుటయే నిర్ణయవివేకము. ఋతుపర్ణుడు నలునికి నేర్పిన అక్షహృదయ సారమును ఇదేయని చెప్పవచ్చును.